చెట్ల పుట్టినరోజున ఒక ఖాళీ గ్లాసు

నాకు చదువు రాదు. ముందే చెప్పేస్తున్నాను. ఈ మాట ఒకప్పుడు ముందే చెప్పకపోవడం వల్లనే ఇప్పుడు మీకు ఇదంతా చెప్పాల్సి వస్తోంది. నా పేరు గీయగలను. బీర్కూర్ బస్సును పోల్చుకోగలను, అదీ అక్షరాలను బట్టి కాదు, అది ఆగే చోటును బట్టి. ఇది నేను నోటితో చెబుతుంటే మా టీచరమ్మ రాస్తోంది. ఆమె కూడా ఇందులో ఉంది కాబట్టి మధ్య మధ్య కలం ఆపి నా మొహం చూస్తోంది. రాయమ్మా, నువ్వు ఆపితే నేను మరిచిపోతాను.

బాన్సువాడలో బస్టాండు వెనక గల్లీలో, ఒక కిరాయి ఇంట్లో నడిచే చిన్నపిల్లల బడిలో పదేళ్లకు పైగా ఆయమ్మగా చేశాను. మూడేళ్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు. ముక్కులు తుడవడం, లాగులు మార్చడం, డబ్బాలు విప్పి తినిపించడం, చాపలు పరిచి పడుకోబెట్టడం. మోకాళ్లు మొండికేశాక మానేశాను. ఇప్పుడు ఇలాంటి బళ్లు గల్లీకి ఒకటి వచ్చాయి, వాటిలో ఆయమ్మలుగా కొత్తగా చేరుతున్న ఆడపిల్లలు ఉన్నారు. ఇది మీకోసమే. సలహా అనుకోకండి. సలహా ఇచ్చేంత గొప్ప పని నేను చేయలేదు.

అంతకు ముందు బీడీలు చుట్టేదాన్ని. మా ఆయన మద్నూర్ రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు, ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. బీడీల సంగతి మాత్రం అక్కరుంది. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. ఏళ్ల తరబడి కట్టలు కట్టినవాళ్లకు లెక్క కళ్లలో ఉండదు, వేళ్లలో ఉంటుంది. ఒక్కటి తక్కువైతే పిడికిలి వదులైందని చెయ్యే చెబుతుంది. బడిలో పిల్లల్ని కూడా అలాగే లెక్కపెట్టేదాన్ని, తలల మీద చెయ్యి వేసుకుంటూ పోయి.

పనిలో పెట్టుకునేటప్పుడు బడి నడిపే మేడమ్ అడిగింది, "ఎంత దాంక సదివినవ్?" అని. అదే పని కోసం ఇంకో ఇద్దరు నా వెనక నిలబడి ఉన్నారు. "ఏడు" అన్నాను. నిజానికి రెండో తరగతిలోనే మా అమ్మ నన్ను లేపి తునికాకు కత్తిరించడానికి కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఎవరు కాగితం ఇచ్చినా "అద్దాలు ఇంట్ల మర్శిపోయిన" అనేదాన్ని. ఇన్నేళ్లలో నాకు కళ్లద్దాలే లేవని ఒక్కరూ కనిపెట్టలేదు.

ఇక టీచరమ్మ సంగతి. ఆమె మా బడికి ఇజ్రాయెల్ నుంచి వచ్చింది. ఆశ్చర్యపోకండి, మా వైపు నుంచి దుబాయ్ పోయినట్టే అక్కడికీ పోతారు, ముసలివాళ్లను చూసుకునే పనికి. ఆమె చూసుకున్న ముసలామె ఒకప్పుడు చిన్నపిల్లలకు పంతులమ్మట. చలికాలం చివర్లో ఒక పున్నమి నాడు, తనను చక్రాల కుర్చీలో పక్క వీధి బడికి తోసుకుపొమ్మనేదట. ఆ రోజు అక్కడి యూదులకు చెట్ల పుట్టినరోజు. తు బిష్వాత్ అంటారు. నాకు నోరు తిరగక నేను చెట్ల పుట్టినరోజు అనే అంటాను. ఆ దేశంలో అప్పటికి బాదం చెట్లు పూస్తాయి. పిల్లలు మొక్కలు నాటుతారు, చెట్ల నుంచి వచ్చే పండ్లు తింటారు, ఆ ముసలామె వాళ్లను చూస్తూ కూర్చునేదట. ఆమె పోయింది, అక్కడ గొడవలు ముదిరాయి, టీచరమ్మ ఇంటికి వచ్చేసింది. కానీ ఆ పండుగ ఆమె మనసులోనే ఉండిపోయింది.

మేడమ్‌ను ఒప్పించడం కష్టం కాలేదు. గేటు దగ్గర ఒక తండ్రి మాత్రం నిలబడ్డాడు.

"మనకు పండుగలు తక్కువైనయా మేడమ్? గా యూదుల పండుగ మన పోరలకెందుకు?"

"చెట్టుకు పుట్టినరోజు చేస్తున్నం సార్. చెట్టుది ఏ కులమో మీరే చెప్పుండ్రి, గట్లనే చేస్తం," అంది మేడమ్.

ఆయన నవ్వేశాడు. ఆయన వెనక బురఖాలో ఉన్న ఒక తల్లి, "మా ఇంట్ల ఖర్జూరాలున్నయి టీచర్, నేను పంపిస్త," అంది.

ఒక వారమంతా బడి బడిలాగా లేదు. గులాబి రంగు కాగితాలు చించి, ఎండు కొమ్మలకు అంటించి బాదం పూత చేశారు. ఒక రోజు టీచరమ్మ నా చేతికి మోచెయ్యి దాకా మట్టి రంగు పూసి పెద్ద తెల్ల కాగితం మీద అచ్చు వేయించింది. నా చెయ్యి మాను, నా వేళ్లు కొమ్మలు. పిల్లలందరూ అరచేతులకు ఆకుపచ్చ రంగు పూసుకుని ఆ కొమ్మలకు ఆకులు వేశారు. జీవితంలో నా చెయ్యి గోడ మీదికి ఎక్కడం అదే మొదటిసారి.

అందరి ఆకులూ పైన పడ్డాయి. ఒక ఆకు మాత్రం కింద, వేరు దగ్గర పడింది. అది ఒక పిల్లది. దానికి మూడున్నరేళ్లు, ఇంకా మాట రాలేదు. చెవులు బాగున్నాయి, అన్నీ అర్థమయ్యేవి, నోరు మాత్రం విప్పేది కాదు. తల్లి బీడీలు చుడుతుంది. ఆ పిల్ల ఎప్పుడూ నా కొంగు పట్టుకుని తిరిగేది. దానికో అలవాటు ఉంది. ఏ చిన్న వస్తువు దొరికినా దానికో చోటు వెతికేది. సుద్దముక్క గోడ సందులో, గుండీ నా కొంగు ముడిలో. ఒక్కోసారి నోట్లో. నేను రోజుకు రెండుసార్లయినా దాని దవడ నొక్కి ఏదో ఒకటి బయటికి తీసేదాన్ని.

అసలు రోజు వచ్చింది. ఆ రోజు పని రెండు. గ్లాసుల్లో గింజలు నాటడం, పండ్లు రుచి చూడడం. పల్లి అయితే తొందరగా మొలుస్తుంది, పిల్లలకు ఓపిక తక్కువ అని టీచరమ్మ పల్లి గింజలు తెమ్మని ఇంటింటికీ చెప్పింది. పొద్దున నేను గేటు తీస్తుంటే బీర్కూర్ పటేల్ బండి ఆపాడు. మనవడిని రోజూ ఆయనే దింపుతాడు. నా చేతిలో ఒక కాగితపు సంచి పెట్టాడు.

"చెల్లె, గివి విత్తనం పల్లిగింజలు. మొన్న చెలకల పెట్టంగ మిగిలినయి. సంచి మీద అంత రాసిన. టీచరమ్మకు సూపియ్యి, మర్శిపోకు."

సంచి మీద నల్ల కలంతో రెండు మూడు వరసలు ఉన్నాయి. నేను ఏం చేయాలి? "టీచరమ్మా, ఇదిగో" అంటే సరిపోయేది. పటేల్ పక్కనే ఇంకో ఇద్దరు తల్లులు నిలబడి ఉన్నారు. సంచిని కొంచెం దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించి, పెదాలు కదిపాను కూడా.

"సూసిన తియ్యి పటేలా. నాకు సదువ రాదా ఏంది?"

ఆయన బండి తిప్పుకుని పోయాడు. నేను గింజలు స్టీలు గిన్నెలో పోసి, సంచిని చెత్త డబ్బాలో వేశాను. వేళ్లకు ఎర్రగా పొడి అంటింది. పల్లి పొట్టు ఎర్రగానే ఉంటుంది కదా అనుకుని చీరకు తుడుచుకున్నాను. పన్నెండు మంది పిల్లలు, ఒక్కొక్కరికి అయిదు గింజలు. రెండు కట్టలు, పైన పది. చూడకుండానే తీసి పెట్టాను.

కాగితపు గ్లాసుల మీద టీచరమ్మ పిల్లల ఫొటోలు అంటించింది. పిల్లలకు పేర్లు చదవడం రాదని. అది నాకెంత సుఖమో ఆమెకు తెలియదు. పిల్లలు మట్టి నింపారు, నేను ఒక్కొక్క చేతిలో అయిదేసి గింజలు పెట్టుకుంటూ వచ్చాను, వాళ్లు వేలితో గుచ్చి నాటారు. మాట రాని పిల్ల చేతిలో అయిదు పెట్టాను. సరిగ్గా అప్పుడే వెనక మట్టి బకెట్ బోర్లా పడింది. దాన్ని ఎత్తి, ఏడుస్తున్న వాడిని సముదాయించి వచ్చేసరికి ఆ పిల్ల తన చోట లేదు, నీళ్ల దగ్గరికి పోయి వస్తోంది. రెండు చేతులూ ఖాళీ. ఒళ్లంతా మట్టి.

"నాటినవా బంగారం?"

తల ఊపింది.

ఆ తర్వాత చేతులు. ఇక్కడ నా రెండో సిగ్గు చెప్పాలి. పన్నెండు మందిని ఒక్కొక్కరిని కుళాయి దగ్గరికి తీసుకుపోతే అరగంట పడుతుంది. నేను వరసగా నిలబెట్టి ఒకే తడిగుడ్డతో అందరి చేతులూ తుడిచేదాన్ని. రోజూ అదే పద్ధతి. ఆ రోజూ అదే. ఆ చేతులతోనే వాళ్లు పండ్ల పళ్లెం ముందు కూర్చున్నారు. ఆ పండుగకు ఏడు రకాలు పెట్టాలట. ఖర్జూరం, అంజీర్, ద్రాక్ష, దానిమ్మ. గోధుమలు, బార్లీ ఉడికించి బెల్లం కలిపాం. ఆలివ్ అనే కాయ బాన్సువాడలో దొరకక ఉసిరికాయను దాని వేషంలో పెట్టాం. ఒకడు దాన్ని కొరికి మొహం ముడుచుకుంటే అందరూ కొరికి ముడుచుకున్నారు. తర్వాత టీచరమ్మ అందరినీ గింజల్లాగా ముడుచుకుని పడుకోమంది, వాన పడుతోంది అంది, మెల్లగా లేవమంది, చేతులు చాపి కొమ్మలై ఊగమంది. మాట రాని పిల్ల అందరికంటే ఎక్కువసేపు గింజగానే ఉండిపోయింది. అప్పుడు నవ్వుకున్నాం.

అన్నాలయ్యాయి. పిల్లలు పడుకున్నారు. పటేల్ మనవడిని తీసుకుపోవడానికి వచ్చి, గేటు దగ్గరే అడిగాడు.

"నాటిన్రా చెల్లె? మందు గింజలు గదా, సబ్బు పెట్టి కడిగిచ్చినవా పోరల చేతులు?"

"ఏ మందు?"

"అరె, సదివిన అన్నవ్ గదా! కుళ్లిపోకుంట, చీమలు వట్టకుంట విత్తనానికి మందు పట్టిస్తం గదా. నోట్లె పెట్టనియ్యొద్దని రాసిన సంచి మీద."

 నా నోరు తడబడకుండా చెప్పింది, "ఆ, కడిగిచ్చిన."

మనవడిని లేపి తెస్తానని లోపలికి వచ్చాను. వాడి దగ్గరికి పోలేదు. కిటికీ గట్టు మీద వరసగా ఉన్న గ్లాసుల దగ్గరికి పోయాను. ఒక్కొక్క దాంట్లో వేలు పెట్టి తడిమాను. అయిదు. అయిదు. అయిదు. పదకొండు గ్లాసుల్లో అయిదేసి ఉన్నాయి. పన్నెండో దాంట్లో వేలు అడుగు దాకా పోయింది. మట్టి తప్ప ఏమీ తగల్లేదు. గ్లాసు తిప్పాను. మాట రాని పిల్ల ఫొటో.

ఇప్పుడు మీరైతే ఏం చేస్తారు? అరుస్తారు, టీచర్ని పిలుస్తారు. నేను పిలవలేదు. ముందు గింజలు దొరకబట్టి, ఆ తర్వాత చెబుదాం అనుకున్నాను. దొరికితే చెప్పాల్సిన అవసరమే ఉండదు అనుకున్నాను, అదీ నిజం. పిల్ల చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. దాని జేబులు తడిమాను. సంచి దులిపాను. నా కొంగు ముడి విప్పాను. గోడ సందులు చూశాను. దవడ నొక్కి నోట్లో వేలు పెట్టి తిప్పాను. ఏమీ లేదు. పిల్ల కళ్లు తెరవలేదు. తల పక్కకు వాలిపోయింది. చొంగ కారుతోంది. రోజూ కారుతుంది దానికి. ఇది రోజూ కారే చొంగేనా? ఇది నిద్రేనా? ఆ తేడా నాకు తెలియాలి, నేనే రోజూ పడుకోబెట్టేదాన్ని. తెలియలేదు. ఊపిరి కింద చెయ్యి పెట్టి లెక్కపెట్టాను. లెక్క నిలవలేదు. అన్నేళ్లలో నా వేళ్లు లెక్క తప్పింది అప్పుడే.

పావుగంట. ఎవరూ గడియారం చూడలేదు, కానీ నాకు తెలుసు. పావుగంట నేను ఆ పిల్ల దగ్గర మోకాళ్ల మీద ఉన్నాను, ఒక్కరినీ పిలవకుండా.

"ఏమైంది ఆయమ్మా?" టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

చెప్పాను. మందు సంగతి, ఖాళీ గ్లాసు సంగతి. ఆమె పిల్లను ఎత్తుకుంటూనే అడిగింది, "నీకు తెలిసి ఎంత సేపైంది?"

"ఇప్పుడే," అన్నాను.

మేడమ్ మిగిలిన పిల్లలందరినీ లేపి సబ్బుతో చేతులు, మూతులు కడిగించి, అందరి ఇళ్లకూ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. టీచరమ్మ, నేను, పటేల్ ఆటోలో దవాఖానకు పోయాం. పిల్ల టీచరమ్మ ఒళ్లో ఉంది. దారిలో కళ్లు తెరిచి మమ్మల్ని చూసి మళ్లీ మూసింది. పటేల్ దారి పొడుగునా, "మందు లేని గింజలు తేవాల్సుండె. మంచిగ మొలుస్తయని తెచ్చిన. నా బుద్ధికి ఏమైందో," అని తనను తానే తిట్టుకున్నాడు. నేను పక్కనే కూర్చుని ఆ తిట్లు ఆయన మీద పడనిచ్చాను.

దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ. పిల్ల కళ్లలో వెలుతురు వేసి చూసింది, గుండె విన్నది.

"ఏ మందు పట్టించిన్రు? పేరు కావాలి. తెలిస్తే దేని కోసం చూడాల్నో తెలుస్తది."

పటేల్ తల పట్టుకున్నాడు. "ఎర్ర మందమ్మా. దుకాణపాయన ఇచ్చిండు. నాకేడ యాదికుంటది? డబ్బ సూసి పేరు సంచి మీద రాసిన."

అందరూ నా వైపు చూశారు. "చెత్తల వేసిన," అన్నాను.

ఆటో ఇంకా బయటే ఉంది, ఎక్కి బడికి పోనిమ్మన్నాను. బడి గల్లీ మలుపు తిరిగేసరికి చెత్త బండి పాట వినిపించింది. ఆ రోజే ఆలస్యంగా రావాలా అది! మా డబ్బా అప్పటికే ఖాళీ అయి బోర్లా ఉంది. బండి నాలుగిళ్ల అవతల ఉంది. పరుగెత్తాను. మోకాళ్లు అప్పటికే పాడు, అయినా పరుగెత్తి బండి వెనక పట్టుకుని ఎక్కాను.

"ఓ అవ్వా, దిగు! పడి సస్తవ్! ఏం బంగారం పడేసుకున్నవ్ గండ్ల?" అని బండి మీది ఆమె అరిచింది.

"కాగితపు సంచి అక్కా. పల్లిగింజల సంచి. ఒక పిల్ల దవాఖానల ఉన్నది."

ఆమె వెంటనే డ్రైవర్‌ని ఆపమని, నాతోపాటు తానూ చేతులు పెట్టింది. దానిమ్మ తొక్కలు, ఖర్జూరం గింజలు, గులాబి కాగితాలు, అంతా మా పండుగే. వాటి అడుగున సంచి దొరికింది, బెల్లం నీళ్లకు తడిసి. ఆమె దాన్ని విప్పి చూసి, "అచ్చరాలు చెరిగిపోలే, పో పో," అంది. చెత్త ఎత్తే ఆమెకు చదువు వచ్చు. ఆ మాట ఆటోలో కూర్చున్నాక నాకు గుచ్చుకుంది.

నేను తిరిగి వచ్చేసరికి పిల్ల తల్లి వచ్చేసింది. చుడుతున్న బీడీలు చుడుతున్నట్టే వదిలేసి వచ్చినట్టుంది, వేళ్లకు పొగాకు పొడి ఉంది. మంచం పక్కన నిలబడి పిల్ల పాదం పట్టుకుని ఉంది. డాక్టరమ్మ సంచి అందుకుని ఆ మందు పేరు చూసుకుంది, ఎవరికో ఫోన్ చేసి మాట్లాడింది. తర్వాత సంచి మీద మిగతాది బయటికి చదివింది.

"'మందు పట్టించిన గింజలు. పిల్లలు నోట్లో పెట్టరాదు. నాటినంక చేతులు సబ్బుతో కడగాలె.' గింత సాఫ్‌గ రాసి ఉన్నది. ఎవరు తీసుకున్నరు దీన్ని?"

టీచరమ్మ ఏదో అనబోయింది. పటేల్ కూడా. నేను ముందు మాట్లాడాను.

"నేనే. నాకు సదువ రాదు. ఏడు సదివినని అబద్ధం చెప్పిన. చేతులు కడిగిచ్చిన అన్నది గూడ అబద్ధమే. గ్లాసు ఖాళీగున్నదని తెలిసినంక పావుగంట ఎవ్వరికి చెప్పలే."

డాక్టరమ్మ సంచి మంచం మీద పెట్టి పిల్ల వైపు తిరిగింది. నన్ను అన్నది తల్లి. గొంతు పెంచలేదు, దానికే నాకు భయమేసింది.

"సదువు రాకుంటె రాకపాయె. నాకు మాత్రం వస్తదా? అడగరాదా ఆయమ్మా? నా బిడ్డకు నోరు లేదు. నీకున్నది గద!"

ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాకు ఎవరూ ఇంతకంటే పెద్ద మాట చెప్పలేదు.

చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. డాక్టరమ్మ అరగంటకోసారి వచ్చి చూసేది. వాంతి అయిందా, చెమటలు పట్టాయా, చేతులు అదిరాయా అని అడిగేది. లేదు, లేదు, లేదు. ప్రతి లేదుకూ మాకు ఊపిరి వచ్చేది, మళ్లీ అరగంటకు ఆగిపోయేది. నేను వరండాలో కింద కూర్చున్నాను, లోపలికి పోయే మొహం లేక. కిటికీలోంచి పిల్ల పాదాలు మాత్రం కనిపించేవి. అవి కదిలితే చాలు అనుకుంటూ కూర్చున్నాను. చివరికి పాదాలు లేచాయి. పిల్ల కూర్చుంది. గోడ మీది బొమ్మను చూసింది, నీళ్ల సీసా వైపు వేలు చూపింది. తాగింది. బన్ను తిన్నది. తల్లి అప్పటిదాకా ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది.

"తిన్నదో లేదో నేను చెప్పలేను," అంది డాక్టరమ్మ. "తిన్నా తక్కువే తిని ఉంటది. ఇంటికి తీస్కపోండ్రి. ఏ మాత్రం తేడా ఉన్నా వెంటనే తీస్కరాండ్రి."

తర్వాతి మూడు రోజులు పొద్దున్నే వాళ్లింటి ముందుకు పోయి నిలబడ్డాను. తల్లి నన్ను లోపలికి రమ్మనలేదు. పొమ్మని కూడా అనలేదు. పిల్లను గుమ్మంలోకి తెచ్చి, నాకు కనిపించేలా అటూ ఇటూ తిప్పి, మళ్లీ తీసుకుపోయేది. అంతే. నేను బడికి పోయేదాన్ని.

మొదటి రోజే మేడమ్ ముందు నిలబడ్డాను, పొమ్మంటుందని చీర సర్దుకుని.

"ఏడు సదివిన అన్నవ్ గదనే," అంది.

"అవును మేడమ్. రెండు గూడ పూర్తిగ లేదు."

 "గిన్నేండ్లల ఒక్కపారన్న నీతోని సదివిచ్చి సూడకపోతి నేను," అంది ఆమె. నన్ను పొమ్మనలేదు. అప్పటి నుంచి గేటు దగ్గర ఎవరేం ఇచ్చినా, ఇచ్చినవాళ్లే పైకి చదివి చెప్పాలని నియమం పెట్టింది. తడిగుడ్డను తీసుకుపోయి పారేసింది. పన్నెండు గ్లాసుల్లోని మట్టి గుంత తీసి పూడ్పించింది. పిల్లలు రెండు రోజులు కిటికీ గట్టు చూసి, "మా చెట్లేవి?" అని అడిగి, మరిచిపోయారు.

పది పన్నెండు రోజులైంది. పిల్ల మళ్లీ బడికి వస్తోంది, మళ్లీ నా కొంగు పట్టుకుంటోంది, ఎప్పటిలాగే మాట లేదు. నేను పెరట్లో కుళాయి దగ్గర రాయి మీద గిన్నెలు తోముతున్నాను. నీళ్లు జారి పోయే చోట మెత్తటి మట్టి ఉంటుంది. అక్కడ, రాయి అంచును ఆనుకుని, పచ్చగా ఏదో లేచింది. గడ్డి అనుకున్నాను. వంగి చూశాను. పల్లి మొలకలు. ఒకదాని పక్కన ఒకటి. పిల్ల వచ్చి నా పక్కన కూర్చుని, వాటిని చూసి, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి కొమ్మల్లాగా ఊపింది.

నేను అరిచిన అరుపుకు టీచరమ్మ పరుగెత్తుకొచ్చింది. మళ్లీ ఏం కొంప మునిగిందో అని.

సాయంత్రం తల్లి పిల్లను తీసుకుపోవడానికి వస్తే చెయ్యి పట్టుకుని పెరట్లోకి తెచ్చాను. ఆమె గొంతుక్కూర్చుని చూసింది. వేలితో ఒక్కొక్కటీ ముట్టుకుంది. ఆమెది కూడా బీడీల చెయ్యే.

"మూడే ఉన్నయి ఆయమ్మా. ఇంకో రెండు?"

నేను చెంచా తెచ్చాను. ఇద్దరం కలిసి రాయి చుట్టూ జానెడు లోతు తవ్వాం. ఆమె ఒక పక్క, నేను ఒక పక్క. రాళ్లు వచ్చాయి, ఒక గుండీ వచ్చింది, సుద్దముక్కలు వచ్చాయి. గింజలు రాలేదు. మర్నాడు పటేల్‌ని అడిగితే, "నాటిన ప్రతి గింజ మొలుస్తదా చెల్లె? మురిగిపోతయి, ఉడతలు ఎత్కపోతయి," అన్నాడు. అయి ఉండొచ్చు. ఆమె చేతులు కడుక్కుంటూ నన్ను చూసి, "సబ్బు ఇయ్యి," అంది. సబ్బు ఇచ్చాను. ఆ తర్వాత నేను వాళ్లింటికి పోతే లోపల కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేది.

మరుసటి ఏడు కూడా చెట్ల పుట్టినరోజు చేశాం. ముందు పండ్లు, తర్వాత నాటడం, ఆ తర్వాత కుళాయి, ఒక్కొక్కరికీ సబ్బు. గింజలు కాదు, ఒక్క జామ మొక్క, అందరూ కలిసి. పండ్ల పొట్లాలు తెచ్చిన ప్రతివాళ్లనూ గేటు దగ్గర ఆపి, "ఏం రాసున్నది? సదివి చెప్పు, నాకు రాదు," అన్నాను. మొదటిసారి అటూ ఇటూ చూసి అన్నాను. పదోసారికి అలవాటైపోయింది. ఒక తల్లి, "ఏం రాసిలేదు ఆయమ్మా, ఉత్త కవరు," అని నవ్వింది. ఉత్తదైతే ఉత్తదని చెప్పు, అన్నాను.

ఆ పిల్ల ఇప్పుడు పెద్ద బడికి పోతోంది. మాట నాలుగు దాటాక వచ్చింది, వచ్చాక ఆగలేదు. దారిలో కనిపిస్తే బండి బ్రేకు వేసినట్టు ఆగి ఊరి ముచ్చట్లన్నీ చెబుతుంది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "గా రెండు గింజలు ఏం చేసినవే?" అని. "ఏ గింజలు?" అంది. దానికేం గుర్తుంటుంది? అడిగినందుకు నాకే సిగ్గేసింది. అయినా ఇప్పటికీ పల్లీలు ఒలిచేటప్పుడు, వేళ్లు వాటంతట అవే అయిదు దాకా లెక్కపెట్టి ఆగుతాయి.

ఇదీ సంగతి. రాసింది మళ్లీ చదివి వినిపించమన్నాను. టీచరమ్మ చదువుతుంటే కళ్లు మూసుకుని విన్నాను. మొదట్లో అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. కుళాయి రాయి దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "గింజలు మొలిచాయి" అని చదివింది.

"ఆగు," అన్నాను. "ఎన్ని?"

ఆమె కలం చేతిలోకి తీసుకుంది.

"గట్ల రాస్తె అన్ని మొలిచినయనుకుంటరు. మూడు అని రాయి."